అమ్మ బొమ్మలో అమ్మ పోలిక రాకపోతే

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. తణుకు దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్ని. చిన్నప్పుడు వారపత్రికల్లో బాపు బొమ్మలు చూసి అచ్చం అలాగే వేసేదాన్ని, అందరూ మెచ్చుకునేవాళ్ళు. ముగ్గులు కూడా బాగా వేస్తానని పేరుంది. పెళ్ళి, ఉద్యోగం, పిల్లలతో బొమ్మలు ఆగిపోయాయి. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కాపీ చేయకుండా, ఎదురుగా ఉన్నవాటిని చూసి వేయాలనుకున్నాను. స్టీలు గ్లాసు వేస్తే ఒరిగిపోయినట్టు వస్తోంది. కుర్చీ వేస్తే కాళ్ళు తలో దిక్కుకీ పోతున్నాయి. తుడిచి తుడిచి కాగితం చిరుగుతోంది. మా అమ్మకి 82, నా దగ్గరే ఉంటుంది. మొన్న పడక కుర్చీలో కూర్చుని ఉంటే రెండు గంటలు కష్టపడి ఆవిడ బొమ్మ వేశాను. చూపిస్తే "ఎవరమ్మా ఈవిడ?" అంది. ఏడుపొచ్చింది. ఫోటో తీసి ట్రేస్ చేసుకోమని మా అబ్బాయి అంటున్నాడు. ఈ వయసులో నాకు చెయ్యి తిరుగుతుందా? ఎన్నాళ్ళు పడుతుంది? ఏదైనా క్లాసులో చేరమంటారా? ఆ బొమ్మ మాత్రం చింపెయ్యాలనిపిస్తోంది.

జవాబు:

టీచరు గారూ,

ముందుగా ఒక్క మాట. అమ్మగారి బొమ్మ చింపకండి. వెనక తేదీ వేసి బీరువాలో పెట్టండి. ఎందుకు దాచమంటున్నానో చెప్పాలంటే కాస్త చుట్టు తిరిగి రావాలి.

చెయ్యి తిరుగుతుందా అని అడిగారు. చుక్కలు పెట్టి, మెలికలు తిప్పుతూ, ముగ్గుపిండిని వేళ్ళ సందుల్లోంచి ఒకే మందాన జార్చుకుంటూ వాకిలంతా నింపే చెయ్యి మీది. అనుకున్న చోట గీత మొదలుపెట్టి అనుకున్న చోటికి తీసుకెళ్ళడం దానికి ఎప్పుడో వచ్చేసింది. గ్లాసు ఒరగడానికి, కుర్చీ కాళ్ళు చెదరడానికి కారణం మీరు చూసే పద్ధతిలో ఉంది. పెద్దయ్యాక బొమ్మలు నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో దాదాపు అందరిదీ ఇదే ఇబ్బంది. అందరూ మీలాగే చేతినే తిట్టుకుంటారు.

బాపు గారి బొమ్మ చూసి వేసినప్పుడు ఎందుకు కుదిరింది? జడ ఎక్కడ మలుపు తిరగాలో, చీర కుచ్చిళ్ళలో ఎన్ని గీతలు ఉంచి ఎన్ని వదిలెయ్యాలో, ఆ పెద్ద కళ్ళు ముఖంలో ఎక్కడ కూర్చోవాలో అన్నీ ఆయన ముందే తేల్చేశారు. మీరు చేసింది ఒక కాగితం మీది గీతని ఇంకో కాగితం మీదికి దించడం. అది మంచి సాధనే, దానివల్ల గీతకి పట్టు వస్తుంది. కానీ ముందూ వెనకా లోతూ ఉన్న మనిషిని లోతు లేని కాగితం మీదికి తేవడం అనే అసలు కష్టం మీ బదులు ఆయన పడ్డారు. మొన్న పడక కుర్చీ ముందు కూర్చున్నప్పుడు ఆ కష్టం మొదటిసారి మీ మీద పడింది. చిన్నప్పుడు వచ్చిన విద్య ఇప్పుడు పోయిందని బాధపడుతున్నారేమో. పోలేదు. మీరు ఇప్పుడు మొదలుపెట్టింది వేరే విద్య.

మీ గ్లాసునే తీసుకుందాం. గ్లాసు అంచు గుండ్రంగా ఉంటుందని మీకు తెలుసు. అడుగు బల్ల మీద సమంగా ఆనుతుందనీ తెలుసు. తెలుసు కాబట్టి చెయ్యి ఏం చేస్తుందంటే, అంచుని బాగా తెరిచిన గుండ్రంగా వేసి, అడుగుని స్కేలు పెట్టినట్టు అడ్డగీతగా గీసేస్తుంది. ఇప్పుడు నిజం గ్లాసు ముందు కూర్చుని చూడండి. అంచు మీకు కనిపించేది దీర్ఘవృత్తంగా, అంటే అడ్డంగా సాగిన గుండ్రంగా. గ్లాసుని మెల్లగా కంటి ఎత్తుకి లేపితే అది సన్నబడి చివరికి ఒక గీతైపోతుంది. కిందికి దించేకొద్దీ తెరుచుకుంటుంది. అడుగు అంచుకన్నా కింద ఉంది కాబట్టి, అడుగు వంపు అంచు వంపుకన్నా ఇంకాస్త ఎక్కువ గుండ్రంగా ఉండాలి. అడ్డగీతగా ఉండే ప్రసక్తే లేదు. ఇంకొకటి. ఆ దీర్ఘవృత్తం పొడవాటి అక్షం, గ్లాసు నడిమి నుంచి నిలువుగా ఊహించుకున్న గీతకి సరిగ్గా లంబంగా రావాలి. అది వెంట్రుకవాసి వాలినా గ్లాసంతా ఒరిగినట్టే కనిపిస్తుంది. మీ గ్లాసు ఒరగడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది. నిలువుగీత ముందు పల్చగా వేసుకుని, దాని మీద అడ్డంగా అక్షం వేసి, ఆ తర్వాత వంపు తిప్పండి.

అసలు స్టీలుతో మొదలుపెట్టడమే మీకు మీరు కష్టం తెచ్చుకోవడం. దాని మీద కిటికీ, ట్యూబ్‌లైటు, మీ చీర రంగు అన్నీ మెరుస్తుంటాయి. ఎక్కడ గ్లాసు ఆగిందో ఎక్కడ మెరుపు మొదలైందో తెలియదు. కొన్నాళ్ళు ఊరగాయ జాడీ, మట్టి కుండ, వంకాయ, వెల్లుల్లిపాయ, రుబ్బురోలు లాంటివి పెట్టుకోండి. ఒక పక్కనుంచే వెలుగు పడేలా కిటికీ దగ్గర పెడితే ఇంకా మంచిది.

తెలిసినదాన్ని వేసేయడం మెదడుకి ఉన్న చెడ్డ అలవాటేమీ కాదు. కంచం ఏ మూల నుంచి చూసినా గుండ్రమే అని మనకి తెలియాలి. దూరాన అగ్గిపెట్టెంత కనిపిస్తున్నది నిజానికి పెద్ద బస్సు అని తెలియకపోతే రోడ్డు దాటలేం. రోజంతా మనల్ని కాపాడే ఈ తెలివిని, బొమ్మ వేసే ఆ కాసేపు పక్కన కూర్చోబెట్టాలి. చూసి వేయడంలో నేర్చుకోవాల్సిందంతా దాదాపు ఇదే. వయసుకి దీనితో పెద్దగా సంబంధం లేదు.

"బాగా రాకపోయినా ఫరవాలేదు, వేస్తూ ఆనందించండి" అని మీకు చాలామంది చెప్పి ఉంటారు. నేను అందులో సగమే ఒప్పుకుంటాను. బొమ్మలో తప్పులు రెండు రకాలు. చూడకుండా వేయడం వల్ల వచ్చేవి కొన్ని. కుర్చీ వెనక కాలు ముందు కాలుకన్నా పైన ఆగుతున్నట్టు కంటికి కనిపిస్తున్నా, నాలుగు కాళ్ళూ సమానం కదా అని ఒకే వరసలో ఆపేయడం లాంటివి. వీటితో రాజీ పడొద్దు. పది చోట్ల సరిచూసుకుని మళ్ళీ వేయండి. బాగా చూసి, కొలిచి, శ్రద్ధగా వేశాక కూడా మిగిలిపోయేవి ఇంకొన్ని. గీత అక్కడక్కడా వణకడం, ఒక అంచు కాస్త మందంగా రావడం, జాడీ ఎడమ భుజం కుడి భుజంకన్నా పిసరంత దిగడం. వీటి జోలికి పోకండి. మరమనిషి గీయలేదని, మీరు గీశారని చెప్పేవి అవే.

కొత్తవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. వణికిన గీతని పదిసార్లు తుడిచి నున్నగా చేస్తారు, కుర్చీ కాలు తప్పు చోట ఉన్న సంగతి మాత్రం పట్టించుకోరు. మీ కాగితం చిరిగేది కూడా అలాగేనని నా అనుమానం. ఈసారి రబ్బరు చేతిలోకి తీసుకునే ముందు, ఇది ఏ రకం తప్పు అని ఒక్కసారి అడిగి చూడండి.

ఇంకా చెప్పాలంటే రబ్బరుని ఒక నెల పాటు వేరే గదిలో పెట్టేయండి. మీ పిల్లలకి పరీక్షల్లో ఏం చెప్తారు? తప్పైన స్టెప్పుని ఒక్క గీతతో కొట్టేసి కింద మళ్ళీ చేయమంటారు, రఫ్ వర్క్ చెరపొద్దంటారు. ఎక్కడ దారి తప్పాడో చూస్తేనే కదా మీరు చెప్పగలిగేది. బొమ్మకీ అంతే. తప్పు గీత కాగితం మీద ఉంటే, సరైన గీత దానికి ఎంత దూరంలో ఉండాలో కంటికి ఆనవాలు దొరుకుతుంది. తుడిచేస్తే ఆ ఆనవాలు పోయి, చెయ్యి మళ్ళీ అదే చోట అదే తప్పు వేస్తుంది. కాబట్టి మొదటి గీతలు చాలా పల్చగా వేయండి. తప్పనిపిస్తే పక్కన ఇంకోటి, అదీ కాదనిపిస్తే ఇంకోటి. ఏది సరైనదో తేలాక దాన్ని ఒక్కదాన్నే ఒత్తి వేస్తే మిగతావి వెనక్కి పోతాయి. పెద్ద పెద్ద చిత్రకారుల స్కెచ్‌లలో కూడా ఒకే భుజానికి రెండు మూడు గీతలు కనిపిస్తాయి, వాళ్ళు వాటిని దాచుకోలేదు.

సరిచూసుకోవడం ఎలాగో చెప్తాను. లెక్కల టీచరుకి ఇది తేలిక. పెన్సిల్ పట్టుకుని చెయ్యి పూర్తిగా చాపండి, మోచెయ్యి వంగకూడదు. ఒక కన్ను మూసి, పెన్సిల్ మొనని కుర్చీ వెడల్పుకి ఒక చివర పెట్టి, రెండో చివర దగ్గర బొటనవేలు ఆనించండి. ఆ కొలత కుర్చీ ఎత్తులో ఎన్నిసార్లు పట్టిందో చూడండి. ఒకటిన్నర సార్లు పడితే కాగితం మీద కూడా ఒకటిన్నరే పట్టాలి. అసలు కొలత ఎంతన్నది మనకి అక్కర్లేదు, నిష్పత్తి చాలు. మోచెయ్యి వంగితే పెన్సిల్ కంటికి దగ్గరై నిష్పత్తి మారిపోతుంది, అందుకే అంత గట్టిగా చెప్తున్నాను. అదే పెన్సిల్‌ని నిటారుగా వేలాడదీసినట్టు పట్టుకుంటే, తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి గోడ చూసుకున్నట్టు, ఏది దేనికి సరిగ్గా కింద ఉందో తెలుస్తుంది. అమ్మగారి ముక్కు కొసకి నేరుగా కింద ఏముంది? మోకాలా, చేతి వేళ్ళా? ఇలాంటి ప్రశ్న రెండు మూడు చోట్ల వేసుకుంటే కూర్చున్న తీరు దానంతట అదే కుదురుతుంది.

కుర్చీకి ఇంకో మంచి ఉపాయం ఉంది. కుర్చీని వేయకండి. కాళ్ళ మధ్య కనిపించే ఖాళీల ఆకారాలు వేయండి. కుర్చీ కాలు ఎలా ఉంటుందో మెదడుకి తెలుసు కాబట్టి అడ్డుపడుతుంది. రెండు కాళ్ళకీ నేలకీ మధ్య ఉన్న ఆ వంకర చతుర్భుజం ఎలా ఉంటుందో దానికి ముందుగా తెలియదు, కాబట్టి చూడక తప్పదు. ఖాళీలన్నీ సరిగ్గా వేస్తే మధ్యలో కుర్చీ మిగులుతుంది. మొదటిసారి ఇలా వేసినప్పుడు చాలామంది తమ బొమ్మని తామే నమ్మలేరు.

అప్పుడప్పుడు కాగితం వైపు చూడకుండా వేయండి. చూపు వస్తువు అంచు మీద చీమ పాకినంత నెమ్మదిగా పోతుంటే, పెన్సిల్ కాగితం మీద అంతే నెమ్మదిగా కదలాలి. వచ్చిన బొమ్మలో ఏదీ దేనికీ అతకదు. అతకాల్సిన అవసరం లేదు. కానీ ఒక్కో చోట, మందార రేకు అంచు దగ్గరో, చెవి మడత దగ్గరో, మీరు ఇంతకుముందు ఎప్పుడూ వేయనంత నిజమైన గీత కనిపిస్తుంది. అది చూపు, చెయ్యి కలిసిన చోటు.

కొలవడం, పనిముట్లు వాడటం దొంగతనం అనుకోవద్దు. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1880లో, 27వ ఏట చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నాడు. రెండేళ్ళ తర్వాత నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉండగా, దారాలు బిగించిన ఒక చెక్క చట్రం చేయించుకుని, దాంట్లోంచి చూస్తూ పొలాలూ ఇళ్ళూ వేసేవాడు. మీరు పాత శుభలేఖ అట్టలో చిన్న కిటికీలా కోసి, నిలువుగా ఒకటి అడ్డంగా ఒకటి దారం అంటించుకోండి. దాంట్లోంచి చూస్తే ఏ వాలు ఎటు పోతోందో ఆ దారాలే చెప్తాయి.

వయసు వల్ల వచ్చే నిజమైన ఇబ్బంది ఒకటుంది, అది మీ కళ్ళద్దాలు. దూరం వస్తువుని చూడటానికి ఒకటి, కాగితం చూడటానికి ఒకటి అయ్యేసరికి తల పైకీ కిందికీ ఊగుతుంది. తల కదిలితే మీరు చూసే కోణం మారుతుంది, కోణం మారితే బొమ్మ మారుతుంది. కాగితం బల్ల మీద పడుకోబెట్టి వేస్తే ఇంకో నష్టం. దూరపు అంచు కంటికి కుదించుకుపోయి కనిపిస్తుంది కాబట్టి తెలియకుండానే బొమ్మని నిలువుగా సాగదీస్తాం. పరీక్ష అట్టకి కాగితం బిగించి, ఒళ్ళో దిండు పెట్టుకుని, అట్టని దాదాపు నిటారుగా ఆనించండి. చూపు వస్తువు నుంచి కాగితానికి తక్కువ దూరం ప్రయాణించేలా ఉండాలి. ఇంత చిన్న మార్పుతోనే కొంతమంది కుర్చీలు నిలబడటం నేను చూశాను.

ఇక అమ్మగారి సంగతి.

"ఎవరమ్మా ఈవిడ?" అన్న మాట మీకు గుచ్చుకుంది. కానీ ఆవిడకి తన ముఖం తెలిసింది అద్దంలో. అద్దంలో కుడి ఎడమలు మారతాయి. అది కూడా బొట్టు పెట్టుకునేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు, ఎదురుగా. పడక కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం ఛాతీకి ఆనుతూ, పక్కనుంచి తను ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ చూసుకోలేదు. పైగా 82 ఏళ్ళ మనిషి మనసులో తన ముఖం 82 ఏళ్ళది అయి ఉండాలని లేదు. పోలిక కుదిరిందో లేదో చెప్పడానికి ఆవిడ సరైన పరీక్షాధికారి కారు. మీ అన్నదమ్ములకో, ఎదురింటివాళ్ళకో చూపించి ఉంటే వేరే మాట వచ్చేదేమో.

అలాగని మీ బొమ్మలో తప్పు లేదని ఒట్టి ఓదార్పు మాట చెప్పను. నేను చూడలేదు, కానీ మొదటిసారి ముఖం వేసేవాళ్ళ బొమ్మల్లో ఎప్పుడూ కనిపించేవి కొన్ని ఉన్నాయి. కళ్ళు బాగా పైన పెట్టేస్తారు. తల మాడు నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు దాదాపు సగంలో వస్తాయి. నుదురూ జుట్టూ మనం పట్టించుకోని జాగా కాబట్టి దాన్ని కుదించేసి, కళ్ళూ ముక్కూ నోరూ పెద్దవి చేస్తాం. పెద్దవాళ్ళ ముఖం వేసేటప్పుడు ఇంకోటి తోడవుతుంది. ముడతలు. కనిపించిన ప్రతి ముడతకీ ఒక గీత గీస్తే మనిషి ఉన్న వయసుకన్నా ఇంకో పదేళ్ళు ముసలైపోయి, కోపంగా కూడా కనిపిస్తుంది. కళ్ళు సగం మూసి చూడండి. ముడతల్లో చాలావరకు మాయమైపోయి, కంటి గుంటల నీడ, చెంప కింది నీడ, లోపలికి ముడుచుకున్న పెదవుల నీడ మాత్రం మిగులుతాయి. అవి వేస్తే పోలిక వస్తుంది. ముడతలు తర్వాత రెండో మూడో చాలు.

కానీ మీకు నా అసలు సలహా వేరు. కొన్నాళ్ళు ముఖం వదిలేయండి. అమ్మగారు ఒత్తులు చేస్తారా? పప్పు ఏరతారా? చిక్కుడుకాయలు ఒలుస్తారా? అలాంటి పనిలో ఉన్నప్పుడు పక్కన కూర్చోండి. చెయ్యి కదులుతుంది కానీ మళ్ళీ మళ్ళీ అదే చోటికి వస్తుంది. ఒక పేజీలో నాలుగైదు చేతుల బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టి, చెయ్యి ఏ భంగిమలోకి వస్తే ఆ బొమ్మకి రెండు గీతలు కలుపుతూ పోండి. ఆవిడ నన్ను కదలకుండా కూర్చోబెట్టావని విసుక్కోరు. మీకూ టెన్షన్ ఉండదు. వీపు వేయండి, మెడ మీది ముడి వేయండి, భుజం మీద చీర చెంగు ఎలా జారిందో వేయండి, నిద్రపోతున్నప్పుడు వేయండి. మన ఇంటి మనిషిని వీధి చివర నుంచి వస్తుంటేనే గుర్తుపడతాం. ముఖం కనిపించకముందే. నడుము వంపులో, తల పెట్టుకునే తీరులో ఉన్న ఆ పోలిక వేళ్ళకి వస్తే, తర్వాత ముఖం అంత భయపెట్టదు.

ఇక్కడ ఇద్దరి సంగతి చెప్పాలి. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1514 మార్చిలో తన తల్లి బొమ్మ బొగ్గుతో వేశాడు. ఆవిడకి అప్పుడు 63. పద్దెనిమిది మంది పిల్లల్ని కన్న తల్లి. బుగ్గలు పీక్కుపోయి, మెడ నరాలు తేలి, రెండు కళ్ళూ చెరో వైపు చూస్తున్నట్టు ఉంటుంది ఆ ముఖం. అందంగా చేయాలని ఆయన ప్రయత్నించలేదు. బొమ్మ మీదే ఈవిడ ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ తల్లి, వయసు 63 అని రాశాడు. రెండు నెలలకే ఆవిడ పోయింది. అప్పుడు అదే కాగితం మీద సిరాతో ఆవిడ ఎప్పుడు పోయిందో, రాత్రి ఏ వేళకో కూడా రాసి పెట్టాడు. యూరప్ అంతా పేరున్న చిత్రకారుడు, వెలకట్టి అమ్మడానికి కాదు, తన కోసం వేసుకున్న కాగితం అది. ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉంది.

రెండోది ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ కథ. 1899లో ఆయన అంబ్రాజ్ వొల్లార్ అనే చిత్రాల వ్యాపారి బొమ్మ వేశాడు. వొల్లార్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం 115 సార్లు కూర్చోబెట్టాడు. కునుకు తీసి కదిలితే, ఆపిల్ పండు కదులుతుందా అని కేకలేసేవాడట. అన్నిసార్లు కూర్చోబెట్టాక కూడా బొమ్మ పూర్తి కాలేదు. చేతి మీద రెండు చిన్న చోట్ల రంగు వేయకుండా వదిలేశాడు. అక్కడ ఏ రంగు పడాలో తేలలేదు, తొందరపడి ఏదో ఒకటి వేస్తే బొమ్మంతా మళ్ళీ మొదటి నుంచి వేయాల్సి వస్తుందన్నాడు. చివరికి చొక్కా ముందు భాగం ఫరవాలేదని మాత్రం అన్నాడట. ఆ బొమ్మ ప్యారిస్‌లో ఉంది, జనం దాని ముందు నిలబడి చూస్తారు. మీ మొదటి బొమ్మకి రెండు గంటలు పట్టిందని రాశారు కదా. రెండు గంటల పాటు అమ్మ ముఖం వైపు అంత శ్రద్ధగా మీరు అంతకుముందు ఎప్పుడు చూశారు? ఆ రెండు గంటలు ఆ కాగితంలో ఉన్నాయి, పోలిక లేకపోయినా. ఇంకో ఏడాది తర్వాత దాన్ని బయటికి తీస్తే, అప్పుడు మీరు గమనించనిదేమిటో ఒక్క చూపులో పట్టేస్తారు. దాచమన్నది అందుకే.

మీ అబ్బాయి చెప్పిన ట్రేసింగ్ సంగతి. బాబు మంచి మనసుతోనే చెప్పాడు, కానీ దానివల్ల మీరు కోరుకున్నది దొరకదు. ట్రేస్ చేయడం అంటే మళ్ళీ బాపు బొమ్మ చూసి దించినట్టే, ఈసారి తేల్చిపెట్టేది కెమెరా. పైగా ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఆ తేడాలన్నీ మీ బొమ్మలోకి దిగుతాయి. ఫోటోని ఒక్క పనికి వాడండి. బొమ్మ వేయడం అయిపోయాక, మీరు కూర్చున్న చోటు నుంచే, కాస్త దూరంగా ఒక ఫోటో తీసి పక్కన పెట్టుకుని పోల్చండి. అంతకన్నా సులువు, బొమ్మని అద్దంలో చూడటం, లేదా కిటికీకి ఆనించి కాగితం వెనక నుంచి చూడటం. కంటికి అలవాటైపోయిన వంకరలన్నీ అప్పుడు ఎగిరిపడి కనిపిస్తాయి.

కొన్నాళ్ళు ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టకండి. "సూపర్ అమ్మా" అని ఒకరు, బొటనవేలు బొమ్మ ఒకరు పెడతారు. ప్రేమతోనే పెడతారు, కానీ దానివల్ల తెలిసేదేమీ లేదు. ఎవరినైనా అడగాలంటే "బాగుందా?" అని అడక్కుండా, "ఈ కుర్చీలో ఏ కాలు తేడాగా ఉంది?" అని అడగండి.

సామాన్లకి ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. మెత్తగా, నల్లగా గీత పడే 2బి, 4బి పెన్సిళ్ళు ఒక్కొక్కటి, మామూలు ఏ4 కాగితాల కట్ట. ఖరీదైన స్కెచ్‌బుక్ కొంటే మొదటి పేజీ పాడవుతుందేమోనని భయం పట్టుకుంటుంది. బాల్‌పెన్ను కూడా మంచిదే, తుడవలేరు కాబట్టి వేసేముందు రెండోసారి చూస్తారు.

ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు. స్కూలు నుంచి వచ్చాక రోజూ ఓ ఇరవై నిమిషాలు కూర్చుంటే, రెండు మూడు నెలల్లో జాడీలు నిలబడతాయి, కుర్చీ కాళ్ళు నేల మీద ఆనతాయి. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడంకన్నా రోజూ ఇరవై నిమిషాలు ఎక్కువ పనిచేస్తుంది. అమ్మగారి ముఖానికి మాత్రం నేను గడువు చెప్పను. ఒకరోజు వస్తుంది, మర్నాడు రాదు. ఏళ్ళ తరబడి వేస్తున్నవాళ్ళకి కూడా ముఖం అలాగే ఉంటుంది.

వీలు చేసుకుని ఒక సెలవురోజు రాజమండ్రి వెళ్ళి రండి, మీకు దగ్గరే. అక్కడ చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి జె.జె. చిత్రకళా స్కూల్లో చదువుకుని, 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయారాయన. అందరూ పెద్ద రంగుల చిత్రాల ముందు ఆగుతారు. మీరు ఆయన పెన్సిల్ స్కెచ్‌ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఒత్తిడి పెంచారు, ఏది వేయకుండా వదిలేశారు అన్నది చూడండి. అచ్చు పుస్తకంలో అది తెలియదు.

క్లాసులో చేరడం మీ ఇష్టం. చేరితే ఒక్కటే చూడండి. ఎదురుగా వస్తువు పెట్టి వేయిస్తున్నారా, లేక స్క్రీన్ మీద ఒక బొమ్మ వేసి అందరిచేతా అదే దించిస్తున్నారా? రెండోదైతే మీకు అక్కర్లేదు, ఆ విద్య మీకు చిన్నప్పుడే వచ్చింది. మీ ఊళ్ళో పిల్లల్ని డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి తయారుచేసే మాస్టారు ఎవరైనా ఉంటే వెళ్ళి అడగండి. పరీక్ష సంగతి వద్దని, ఒక కుండ పెట్టి నెల రోజులు దిద్దమని అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

మళ్ళీ రాస్తే, బొమ్మతో పాటు ఆ వస్తువు ఫోటో కూడా మీరు కూర్చున్న చోటు నుంచే తీసి పంపండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ గీత ఎక్కడ దారి తప్పిందో కచ్చితంగా చెప్పగలను.